కాశీ, ప్రయాగ, గయ యాత్ర: పర్లాకిమిడి నుంచి ఏడుగురం, ప్లాన్ ఎక్కడ మొదలెట్టాలి?

మహేంద్రతనయ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో ఏడుగురం బయల్దేరాలి: నాన్నగారు (71), అమ్మ (66, మోకాళ్ళ నొప్పులు), మేనత్త (63), నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (9 ఏళ్ళు, 4 ఏళ్ళు). తాతగారికీ నాయనమ్మకీ గయలో పిండం పెట్టాలని నాన్నగారి కోరిక. కాబట్టి కాశీ, ప్రయాగ, గయ తప్పనిసరి. కుదిరితే అయోధ్య కూడా.

2026 దీపావళి అయిపోగానే నవంబర్ 10న బయల్దేరి 19కి ఇంటికొచ్చేద్దాం అనుకుంటున్నాం. కానీ వారం రోజులుగా ఫోన్లో హోటళ్ళు చూస్తే రైళ్ళు కుదరవు, రైళ్ళు చూస్తే రోజులు కుదరవు. ఏది ముందు తేల్చుకోవాలో తెలీక ఏదీ తేలడం లేదు. అసలు మొదటి అడుగు ఏమిటి? నవంబర్ 10 మంచి తేదీయేనా? ఇదంతా ఎందుకు, టూర్ ప్యాకేజీలో పోతే సరిపోతుందా?

---

వంశధార

ముందు ఆ హోటల్ యాప్ మూసేయండి. పందిరి వేసేవాడు కొబ్బరాకులతో మొదలెట్టడు, రాట పాతుతాడు. మీ ప్రయాణానికి రాటలు రెండే. ఒకటి, గయలో మీ నాన్నగారు కర్తగా కూర్చునే పూట. రెండు, మీ అమ్మగారి మోకాళ్ళు. హోటలు, రైలు, అయోధ్య అన్నీ వీటిని బట్టి కదలాల్సినవే. హోటలూ రైలూ ముందు ఖాయం చేసేసి మోకాళ్ళను వాటికి సర్దుబాటు చేయబోతే నాలుగో రోజుకి ప్లాన్ మూలపడుతుంది.

ఒక తెల్లకాగితం తీసుకుని ఈ లెక్క రాయండి. అమ్మగారు ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు, కారులో ఎన్ని గంటలు కూర్చోగలరు. నాన్నగారికి సుగరో బీపీయో ఉంటే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉపవాసం పనికొస్తుందా (ఇది డాక్టర్ని అడగాల్సిన మాట, పురోహితుణ్ణి కాదు). పిల్లల పరీక్షలు ఎప్పుడు. ఇంటి నుంచి ఇంటి వరకు కచ్చితంగా ఎన్ని రాత్రులు దొరుకుతాయి. రోజులు కాదు, రాత్రులే లెక్కపెట్టండి. పది రోజులంటే తొమ్మిది రాత్రులు, అందులో రెండు రైల్లోనే పోతాయి.

ఇక తేదీ. నవంబర్ 10 వద్దండి. 2026లో దీపావళి నవంబర్ 8, ఛఠ్ పూజ 15. దేశం నలుమూలల నుంచి బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ జనం ఆ వారం రోజుల్లో ఇళ్ళకు చేరతారు, పండగ కాగానే తిరిగి పనులకు బయల్దేరతారు. మీరు పోయే గయ, మొగల్‌సరాయ్ లైన్ మీదే ఆ రద్దీ అంతా. రిజర్వేషన్ ఉన్నా బోగీలోకి ఎక్కడమే గగనం అవుతుంది. ముగ్గురు పెద్దవాళ్ళతో, నాలుగేళ్ళ పిల్లతో ఆ సాహసం అక్కర్లేదు. ఛఠ్ అయ్యాక కార్తీక పౌర్ణమి, నవంబర్ 24. ఆ రాత్రి కాశీలో దేవ దీపావళి. చూడ్డానికి కన్నుల పండగే గానీ గది అద్దెలు ఆకాశంలో ఉంటాయి, ఘాట్ల మీద అడుగు తీసి అడుగు వేయలేరు.

మరో మెలిక ఉంది. మన తెలుగు పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పౌర్ణమితో. మీ ఊళ్ళో ఒడియా పంజిక (పంచాంగం) చూసేవాళ్ళకు ఈ తేడా తెలిసే ఉంటుంది. శుక్లపక్షంలో ఇద్దరి నెల పేరూ ఒకటే, కృష్ణపక్షంలో వాళ్ళు మనకంటే ఒక నెల ముందుంటారు. తిథి మారదు, పేరే మారుతుంది. అయినా దెబ్బ తగిలేది అక్కడే. ఉదాహరణకి, తెలుగు కేలండర్లో ఇంకా ఆషాఢమే కదా, శ్రావణం రద్దీ మొదలవలేదు అనుకుని కాశీ వెళ్తే, గురుపౌర్ణమి మర్నాటి నుంచే అక్కడ శ్రావణం, కావడి యాత్రికులతో గుడి కిటకిటలాడుతుంటుంది. మనం చొల్లంగి అమావాస్య అనే పుష్య బహుళ అమావాస్యే ప్రయాగలో మాఘ మాసపు మౌని అమావాస్య, మాఘమేళాలో అతి పెద్ద స్నానం. మన భాద్రపద బహుళం, అంటే మహాలయ పక్షం, వాళ్ళకు ఆశ్విన కృష్ణపక్షం. ఆ పదిహేను రోజులూ గయలో పితృపక్ష మేళా. పిండం పెట్టడానికి అదే శ్రేష్ఠం అంటారు, నిజమే, కానీ గయలో పిండానికి ఏ కాలమైనా పనికొస్తుందని కూడా శాస్త్రమే చెబుతోంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రెండో మాటనే పట్టుకోవడం మంచిది.

కాబట్టి కార్తీక పౌర్ణమి దాటాక, పొగమంచు దిగకముందు. అంటే నవంబర్ చివరి వారం నుంచి డిసెంబర్ మొదటి వారం. డిసెంబర్ సగం దాటితే ఆ వైపు రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి, జనవరి చివరిదాకా అంతే. 2026లో నవంబర్ 26 నుంచి డిసెంబర్ 6 వరకు మీకు సరిగ్గా సరిపోతుంది. పిల్లలకు స్కూలు పోతుంది, దానికి మాత్రం వేరే దారి లేదు.

---

రుషికుల్య

వంశధార గారు తేదీ తేల్చారు కాబట్టి రైలు సంగతి నేను చెబుతాను.

ముందు క్రమం. ప్రయాగలో ముండనం, కాశీలో దండం, గయలో పిండం అని పెద్దవాళ్ళు చెప్పే వరస మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు రైలు దారిలో కూడా చక్కగా కుదురుతుంది. పూరీ–న్యూఢిల్లీ పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ (12801) రోజూ ఉంది. టాటానగర్, గయ, దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ (పాత మొగల్‌సరాయ్) మీదుగా ప్రయాగరాజ్ వెళ్తుంది. ఎక్కిన మర్నాడు రాత్రికి ప్రయాగలో దిగుతారు. అంటే అన్నిటికంటే దూరంగా ఉన్న ఊరికి ముందు పోయి, అక్కణ్ణుంచి ఇంటివైపు వెనక్కి వస్తూ కాశీ, తర్వాత గయ. గయలో తిరుగు బండి (12802) ఎక్కితే మర్నాడు పొద్దున్నే పూరీ. మధ్యలో అటూ ఇటూ తిరగాల్సిన పని లేదు.

ఎక్కడ ఎక్కాలి? ఖుర్దా రోడ్‌లో ఎక్కొచ్చు, కానీ అక్కడ బండి ఆగేది కొద్ది నిమిషాలు. ఏడుగురు, సామాన్లు, మోకాళ్ళ నొప్పులు. పూరీలో అయితే బండి ముందే ప్లాట్‌ఫారం మీదకి వస్తుంది, నింపాదిగా ఎక్కించుకోవచ్చు. మీకు పూరీ–గుణుపూర్ బండి పర్లాకిమిడి మీదుగానే ఉంది, మారే పనిలేదు. 26న పూరీ చేరి రాత్రి పడుకుని, 27 పొద్దున జగన్నాథుణ్ణి చూసుకుని ఆ రాత్రి బండెక్కండి. ఇందులో ఇంకో లాభం: మీ పాసింజర్ బండి ఐదు గంటలు ఆలస్యమైనా పెద్ద బండి తప్పిపోదు. ఒక రాత్రి ఎడం పెట్టకుండా అదే రోజు కలిపితే ఆలస్యం జరిగినప్పుడు రెండో టికెట్ డబ్బు కూడా చిక్కులో పడుతుంది. ఒకవేళ తప్పనిసరై అదే రోజు కలపాల్సి వస్తే రెండూ రిజర్వేషన్ టికెట్లే అయి ఉండాలి, ప్రయాణికుల వివరాలు రెంటిలో ఒకేలా ఇచ్చి ఐఆర్‌సీటీసీలో రెండు పీఎన్‌ఆర్‌లనూ కనెక్టింగ్ ప్రయాణంగా లింక్ చేయాలి.

బుకింగ్ ఎప్పుడు తెరుస్తారు? 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 60 రోజులే, పాత 120 కాదు. ప్రయాణం రోజుని వదిలేసి లెక్కపెట్టాలి. నవంబర్ 27కి సెప్టెంబర్ 28 పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది. తిరుగు టికెట్ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఆ 60 రోజులూ మీరెక్కే రోజు నుంచి కాదు, బండి మొదటి స్టేషన్లో బయల్దేరే రోజు నుంచి. 12802 ఢిల్లీలో రాత్రి బయల్దేరి మర్నాడు గయకు వస్తుంది. మీరు డిసెంబర్ 5న గయలో ఎక్కాలంటే ఢిల్లీ తేదీ 4. కాబట్టి బుకింగ్ అక్టోబర్ 5న తెరుస్తారు. 6 అనుకుని కూర్చుంటే అప్పటికే ఒక రోజు టికెట్లు పోయి ఉంటాయి. తత్కాల్‌కి కూడా అదే సూత్రం: బండి బయల్దేరే ముందు రోజు, ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కి 11కి. అంటే గయ 5కి తత్కాల్ డిసెంబర్ 3న.

8 గంటలకు ఖాతా తెరిచి పేర్లు టైపు చేయడం మొదలెడితే అయిపోయినట్టే. ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ఇప్పుడే పూర్తి చేసుకోండి, బుకింగ్ తెరిచిన రోజు ఆన్‌లైన్లో అలాంటి ఖాతాలకే టికెట్ దొరుకుతుంది. అందరి పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించండి. పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే. ఒడిశాలో తీసిన ఆధార్‌లో తెలుగు ఇంటిపేర్లు చాలాసార్లు వేరే స్పెల్లింగ్‌తో ఉంటాయి, ఒకసారి సరిచూసుకోండి.

ఎన్ని బెర్తులు? ఐదేళ్ళలోపు పాపకి టికెట్ అక్కర్లేదు, బెర్తు ఉండదు. తొమ్మిదేళ్ళ బాబుకి బెర్తు అడిగితే పూర్తి చార్జీ, అడక్కపోతే సగం. ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం కాబట్టి బెర్తు తీసుకోండి. మొత్తం ఆరు. ఒక టికెట్ మీద ఆరుగురి వరకు ఇస్తారు, కానీ అందరినీ ఒకే టికెట్లో పెడితే పెద్దవాళ్ళకు కింది బెర్తు కోటా వర్తించదు. ఆ కోటా ఒక్కరు గానీ, ఇద్దరు గానీ, అందరూ ఆ వయసువాళ్ళే ఉన్న టికెట్‌కే. నాన్నగారు, అమ్మగారు ఇద్దరినీ విడిగా ఆ కోటాలో తీయండి. మేనత్త గారిని కూడా మూడో టికెట్‌గా విడదీయొచ్చు గానీ ఆవిడ ఒక్కరే వేరే బోగీలో పడే ప్రమాదం ఉంది. ఆవిణ్ణి మిగతా ముగ్గురితోనే ఉంచి, ఆ నలుగురికి ఒక కింది బెర్తు కావాలని గుర్తు పెట్టడం మేలు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చి నుంచి లేదు, బడ్జెట్లో అది కలుపుకోకండి.

వెయిటింగ్ లిస్టులో పడితే పక్కనున్న అక్షరాలు చూడండి. జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) అయితే ఆశ ఉంది, మధ్య స్టేషన్ల కోటాలైన పీక్యూడబ్ల్యూఎల్, ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ తక్కువగా కదులుతాయి. పూరీ నుంచి తీస్తే మామూలుగా మొదటిదే వస్తుంది, అదీ పూరీలో ఎక్కమనడానికి ఇంకో కారణం. ఆన్‌లైన్ టికెట్ చార్టు వేశాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది, అది చేతిలో ఉందని బోగీలో కూర్చోకూడదు.

---

నాగావళి

రాయగడ వైపువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: మీకు పూరీ దాకా పోవడం చుట్టుదారి. రాయపూర్ వెళ్ళి అక్కడ దుర్గ్–ఛప్రా సారనాథ్ ఎక్స్‌ప్రెస్ పట్టుకోండి, ప్రయాగరాజ్, వారణాసి రెండూ దాని దారిలోనే. ఒక్క హెచ్చరిక: ఇది పొగమంచు బండి. చలికాలంలో కొన్ని రోజులు దాన్ని రద్దు చేయడం ఏటా ఉన్నదే, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య తేదీ పెట్టేముందు రద్దయిన తేదీల జాబితా చూడండి.

---

మహేంద్రతనయ

ఎంత సాయం చేశారండీ! మీరు చెప్పినట్టే రాశాను, తప్పులుంటే దిద్దండి.

26 పూరీ. 27 రాత్రి బండి. 28 రాత్రి ప్రయాగ. 29 పొద్దున సంగమం, మధ్యాహ్నం కారులో అయోధ్య, రాత్రి అక్కడే. 30 పొద్దున బాలరాముడి దర్శనం, మధ్యాహ్నం కాశీకి. సాయంత్రం గంగా హారతి. డిసెంబర్ 1, 2, 3 కాశీ. 4 తెల్లవారుజామున కారులో గయ, ఆ రోజే బుద్ధగయ. 5 పొద్దున పిండప్రదానం ముగించుకుని బండెక్కేయడం.

---

వంశధార

కాగితం మీద బాగుంది. మనుషుల మీద పెట్టి చూద్దాం.

మొదటి తప్పు డిసెంబర్ 5. పిండప్రదానం ఉన్న రోజు రైలు పెట్టకూడదు, ఇందులో బేరం లేదు. గయలో మీ వంతు ఎప్పుడొస్తుందో, ఫల్గు దగ్గర, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం దగ్గర ఒక్కోచోట ఎంత సేపు పడుతుందో మీ చేతిలో ఉండదు. రైలు టైము చూసుకుంటూ మంత్రం చెప్పిస్తే నాన్నగారి మనసు దాని మీద ఉండదు. ఆయన వెళ్ళేదే దానికి. కాబట్టి 3న గయ చేరండి, 4న కర్మ, 5న బండి. బుద్ధగయ పదీ పన్నెండు కిలోమీటర్లే, 4 సాయంత్రం ఓపిక ఉంటే చూడండి, లేకపోతే మానేయండి.

రెండో తప్పు అయోధ్య. ప్రయాగ నుంచి కాశీకి నేరుగా 120 కిలోమీటర్ల చిల్లర, మూడు గంటలు. అయోధ్య మీదుగా తిరిగితే రెండు విడతల్లో అంతకు మూడింతలు దూరం, వరసగా రెండు రోజులు మధ్యాహ్నం పూట కారులో కూర్చోవడం. పైగా మీ ప్లాన్లో 28 రాత్రి రైలు దిగారు, 29 పొద్దున సంగమం, వెంటనే కారు, మర్నాడు క్యూ, వెంటనే కారు, దిగగానే హారతి. అమ్మగారికి ఎక్కడా ఒక మధ్యాహ్నం నిద్ర లేదు. అయోధ్య పెట్టాలంటే రెండు రాత్రులు అదనంగా పెట్టండి, లేదా తీసేయండి. సగం పెట్టకండి. నా ఓటు తీసేయడానికే. పిల్లలు కాస్త పెద్దయ్యాక మీ దంపతులు, పిల్లలు లక్నో వైపు వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు.

29 పూర్తిగా ప్రయాగకే ఇవ్వండి. దంపతులు వేణీదానం (భార్య జడ కొస కత్తిరించి సంగమంలో వదలడం) చేస్తారు కదా, మీ నాన్నగారు, అమ్మగారు ఒక జంట, మీరు, మీ ఆవిడ ఒక జంట. దానికే పూట పడుతుంది. తర్వాత కోటలో అక్షయవటం (గయలోది వేరు), అలోపీదేవి. మనవాళ్ళు శక్తిపీఠాల శ్లోకంలో చదివే ప్రయాగ మాధవేశ్వరి ఆవిడేనని చెబుతారు. ఆ శ్లోకంలోని గయా మాంగళ్యగౌరిక, వారణాసి విశాలాక్షి కూడా మీ దారిలోనే ఉన్నారు. వెళ్ళేటప్పుడు బండి జాజ్‌పూర్ రోడ్ మీదుగా పోతుంది, అక్కడి గిరిజాదేవి కూడా ఆ శ్లోకంలో ఉంది, ఆ ఊరు నాభిగయ. ఇది ప్లాన్లో చేర్చమని కాదు, ఊరికే చెప్తున్నా! చేర్చడం మొదలెడితే ఆగదు.

30 సోమవారం కాశీ చేరతారు. ఆ రోజు విశ్వనాథుడి దర్శనం పెట్టుకోకండి, సోమవారం జనం ఎక్కువ. గదికి చేరి అన్నం తిని పడుకోండి. దర్శనం మంగళవారం తెల్లవారుజామున. 30, 1, 2 మూడు రాత్రులు, కాశీలో మూడు నిద్రలు అయినట్టే.

కాశీ నుంచి గయకు కారు వద్దు. రోడ్డు దూరం 250 కిలోమీటర్ల దగ్గర, లారీల రోడ్డు. మొగల్‌సరాయ్ నుంచి గయకు రైళ్ళు చాలా ఉన్నాయి, మూడు గంటల లోపు దారి. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోండి: వారణాసి జంక్షన్, బనారస్ (పాత మండువాడీహ్), కాశీ, వారణాసి సిటీ నాలుగూ వేరు వేరు. మొగల్‌సరాయ్ గంగ అవతల ఇంకో పదహారు పదిహేడు కిలోమీటర్లు. కేదార్ ఘాట్ సందుల్లోంచి అక్కడికి చేరడానికి గంటన్నర పెట్టుకోవాలి.

---

బాహుదా

గది గురించి ఎవరూ చెప్పలేదు. తేదీలు, రైలు ఖాయమయ్యాకే గది. ముందు కాదు.

కాశీలో తెలుగువాళ్ళకు తిండి, భాష, పురోహితులు అన్నీ దగ్గరగా దొరికేది మానససరోవర్ ఘాట్, కేదార్ ఘాట్, పాండే ఘాట్ చుట్టూ. మానససరోవర్ ఘాట్‌లో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది, చుట్టుపక్కల ఇంకా తెలుగు సత్రాలున్నాయి. ఫోన్ చేసినప్పుడు ఏసీ ఉందా అని కాదు అడగాల్సింది. ఇవి అడగండి: ఆటో దిగాక గదికి ఎంత నడవాలి? గది ఎన్నో అంతస్తులో, లిఫ్టు ఉందా? కుర్చీ టాయిలెట్ ఉందా? ఎన్ని రోజుల వరకు ఇస్తారు? ఆ పేటలో సందుల్లోకి కారు రాదు, సోనార్‌పురా రోడ్డు మీదో గోదౌలియా దగ్గరో దింపేస్తారు. అక్కణ్ణుంచి నడకే. "దగ్గరేనండి" అన్న జవాబుని నమ్మకండి, నిమిషాల్లో చెప్పమనండి.

కాశీ ఘాట్లు నిటారు మెట్లు. అమ్మగారు గంగస్నానానికి దిగడం ఒకసారి, ఎక్కడం ఒకసారి, అంతకు మించి రోజుకి పెట్టుకోకండి. పడవ ఎక్కాలంటే నమో ఘాట్ వైపు వాలుదారి ఉంది, వాహనం దగ్గరదాకా వస్తుంది. పడవ బేరం మొత్తానికా, మనిషికా అన్నది కాలు పెట్టకముందే తేల్చుకోండి. విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు, సంచులు రానివ్వరు. లాకర్ కోసం పూజసామాను కొట్లవాళ్ళు వెంటపడతారు, గదిలోనే వదిలేసి వెళ్తే ఆ గోల ఉండదు. అయితే ఏడుగురూ ఫోన్లు లేకుండా ఆ గుంపులో విడిపోతే? గుడికి వెళ్ళేముందే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. పిల్లల జేబుల్లో ఫోన్ నంబరు, సత్రం పేరు హిందీలో రాసిన చీటీ పెట్టండి.

ఇప్పుడు గయ. ఇంట్లో ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది అక్కడ కూర్చున్నాక తల గోక్కుంటారు. పేర్లు. కర్త మీ నాన్నగారు కాబట్టి ఆయన వైపు నుంచి లెక్క: తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ భార్యలతో కలిపి ఆరుగురు, తల్లి పుట్టింటి వైపు మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత, వాళ్ళ భార్యలతో కలిపి ఇంకో ఆరుగురు. పన్నెండు పేర్లు, రెండు గోత్రాలు. మీ వైపు నుంచి లెక్కపెడితే ఒక తరం తేడా వస్తుంది, జాగ్రత్త. ఆ తర్వాత బాబాయిలు, పెద్దమ్మలు, పిల్లలు లేకుండా పోయినవాళ్ళు, గురువులు, స్నేహితులు. మీ మేనత్త గారికి మీ నాన్నగారికంటే ఎక్కువ పేర్లు గుర్తుండొచ్చు, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక ఆదివారం రాసేయండి. నాయనమ్మ పుట్టింటివాళ్ళు టెక్కలిలోనో ఇచ్ఛాపురంలోనో ఉంటే ఫోన్ చేయాల్సి వస్తుంది, అందుకే ఈ పని చివరి వారానికి పెట్టకండి.

గయలో పండాలు (అక్కడి తీర్థ పురోహితులు) "ఏ ఊరు, ఏ జిల్లా" అని అడుగుతారు. ఊళ్ళవారీగా, జిల్లాలవారీగా వాళ్ళకు పాత పుస్తకాలుంటాయి, ఎప్పుడో వచ్చిన మీ పెద్దవాళ్ళ సంతకం దొరకొచ్చు. గజపతి జిల్లా అని చెబితే దొరకదు. ఆ జిల్లా పుట్టింది 1992లో. అంతకుముందు గంజాం, 1936 ఏప్రిల్ 1కి ముందు ఆ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. "మద్రాసు రాజ్యం, గంజాం జిల్లా, పర్లాకిమిడి" అని చెప్పండి.

సంభారాలు అక్కడ దొరుకుతాయి, మోసుకెళ్ళకండి. నాన్నగారికి రెండు పంచెలు, ఉత్తరీయం, కింద వేసుకోడానికి చిన్న చాప చాలు. పురోహితుడితో ముందు రోజే మాట్లాడండి: ఎన్ని చోట్ల పిండం, ప్రేతశిల కొండ ఎక్కడం ఇందులో ఉందా లేదా, సామాను ఖర్చు కలిపా విడిగానా, దక్షిణ మొత్తం ఎంత. కాగితం మీద రాయించుకోండి. "మీ ఇష్టం బాబూ" అన్న మాటే అన్నిటికంటే ఖరీదు. ప్రేతశిల మెట్లు నాన్నగారు ఎక్కగలిగితేనే, లేకపోతే ఫల్గు, విష్ణుపాదం, అక్షయవటం ఈ మూడు చోట్లతో సరి.

ఇంకోటి. గయ అక్షయవటం దగ్గర ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదిలేయడం ఆనవాయితీ. ఎవరు ఏది వదలాలో ఇంట్లోనే తేల్చుకోండి. అక్కడ ఆవేశంలో వంకాయ వదిలేసి ఇంటికొచ్చాక గుత్తివంకాయ చూసి నిట్టూర్చేవాళ్ళు ఎంతమందో.

---

చిలికా

ప్యాకేజీ అడిగారు కదా. సికింద్రాబాద్ నుంచి బయల్దేరే భారత్ గౌరవ్ యాత్రా రైళ్ళు విజయనగరం మీదుగా పూరీ, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ తిప్పుతాయి, తిండి, బస వాళ్ళదే. అందరూ నడవగలిగేవాళ్ళయితే మంచిదే. మీ విషయంలో చిక్కు ఏమిటంటే గయలో కొన్ని గంటలే ఇస్తారు, బస్సు అందరి కోసం ఆగదు. కర్మ చేయాల్సిన ఇంటికి ప్యాకేజీ సరిపడదు. చూసి రావడానికి వెళ్ళేవాళ్ళకు సరిపడుతుంది.

డబ్బు లెక్కకి ఒక పద్ధతి: రైలు చార్జీలు ముందే కచ్చితంగా తెలుస్తాయి, అవి ఒక కుప్ప. రాత్రుల సంఖ్యని గదుల సంఖ్యతో (మీకు రెండు గదులు) గుణిస్తే రెండో కుప్ప. తిండి, ఆటోలు, పడవలు రోజు లెక్కన మూడోది. దక్షిణలు, దానాలు నాలుగోది, దీన్ని ఎప్పుడూ విడి కవర్లో పెట్టండి, చిల్లర నోట్లలో. ఈ నాలుగో కుప్పే అందరి బడ్జెట్‌నీ తన్నేస్తుంది. మొత్తం మీద ఆరో వంతు ముట్టుకోకుండా పక్కన ఉంచండి. సత్రాల్లో, పండాల దగ్గర యూపీఐ నడుస్తుందిలే అన్న ధీమాతో పోకండి.

---

మహేంద్రతనయ

అయోధ్య కొట్టేశాను. నాన్నగారు, అత్తయ్య పేర్ల కాగితం మొదలెట్టారు, ఇప్పటికి ఎనిమిది దొరికాయి. మాతామహుడి తండ్రి భార్య పేరు ఎవరికీ తెలీదు. దొరక్కపోతే ఎలా? ఇంకా, పూరీ–గుణుపూర్ బండికి కూడా 60 రోజుల ముందే తీయాలా?

---

బాహుదా

పేరు తెలియకపోతే ఆడవాళ్ళకు గంగమ్మ అనో, పురోహితుడు చెప్పిన మరో పేరుతోనో చెప్పిస్తారు, గోత్రం తెలిస్తే చాలు. ఆ చోట ఖాళీ వదిలి పక్కన గోత్రం మాత్రం రాసి పెట్టండి.

---

రుషికుల్య

పెద్ద బండి టికెట్ చేతికొచ్చాక దాని సంగతి చూడండి. పూరీలో ఒక రాత్రి ఎడం ఉంది కాబట్టి అది దొరక్కపోయినా పలాస చేరి మరో బండిలో ఖుర్దా రోడ్ వెళ్ళొచ్చు, అక్కణ్ణుంచి పూరీకి బండ్లు చాలా ఉన్నాయి. మీ ఫోన్లో రెండు అలారాలు పెట్టుకోండి: సెప్టెంబర్ 28, అక్టోబర్ 5. రెండూ పొద్దున ఏడున్నరకి.